సగం బిళ్ల వైద్యం

పిల్లల డాక్టరు కావాలంటే నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ, మళ్లీ పీజీ నీట్, ఆపైన మూడేళ్ల ఎం.డి. లేదా డీఎన్‌బీ, దాని వెంట మెడికల్ కౌన్సిల్‌లో నమోదు. ఇంత తతంగం అక్కర్లేదన్న మాట ఇప్పుడు రచ్చబండ దగ్గరే కాదు, చదువుకున్నవాళ్ల ఇళ్లలో కూడా ధీమాగా వినిపిస్తోంది. పసివాళ్లకు వచ్చేవి జ్వరం, దగ్గు, వాంతులు, విరేచనాలే కదా అంటారు. పెద్దవాళ్ల బిళ్లలో సగం ఇస్తే సరిపోయేదానికి ఎనిమిదిన్నరేళ్లు చదవడం ఎందుకంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాడు, చేతివాసి మంచిది అంటారు. డిగ్రీలు, లైసెన్సులు డాక్టర్లు తమ ఫీజులు కాపాడుకోవడానికి కట్టుకున్న గోడలని తేల్చేస్తారు. వినడానికి పేదవాళ్ల పక్షాన మాట్లాడినట్టే ఉంటుంది. కానీ ఈ వాదన చెల్లుబాటైన ప్రతిచోటా ముందు నష్టపోయేది పేదింటి పిల్లే. అందుకే దీన్ని మొహమాటానికి కూడా ఒప్పుకోకూడదు.

ముందు ఆ సగం బిళ్ల లెక్కే తేల్చుకోవాలి. పిల్లలకు మందు కొలిచేది చాలావరకు బరువును బట్టి. పారాసిటమాల్ అయితే ఒక్కో మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకు 150 మిల్లీగ్రాములు దాటకూడదు. అదే మందు షాపులో మూడు రకాలుగా దొరుకుతుంది: 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములున్న సిరప్, 5 మి.లీ.లో 250 ఉన్న సిరప్, ఒక్క మి.లీ.లోనే 100 ఉన్న చుక్కల మందు. ఆ పిల్లకు మొదటిదైతే 6 మి.లీ., రెండోదైతే 3 మి.లీ., మూడోదైతే ఒకటిన్నర మి.లీ. ‘‘జ్వరం మందు ఒక చెంచాడు పొయ్యమ్మా’’ అని నోటిమాటగా చెప్పి పంపినప్పుడు ఆ తల్లి చేతిలో ఉన్నది చుక్కల సీసా అయితే పిల్ల కడుపులోకి పోయేది 500 మిల్లీగ్రాములు. అంటే పెద్దమనిషి మింగే నిండు బిళ్ల. అలా రోజుకు నాలుగుసార్లు, రెండు మూడు రోజులు పోస్తే కాలేయానికే ముప్పు. దేశంలో అందరికీ తెలిసిన, అందరూ నిరపాయమనుకునే మందు సంగతి ఇది.

పోనీ, తూకం వేసి లెక్కగట్టి ఇస్తే ఎవరైనా ఇవ్వవచ్చు కదా అంటే, అక్కడితోనూ అయిపోదు. పసికందు కాలేయం, మూత్రపిండాలు పుట్టిన రోజున పూర్తిగా పని అందుకోవు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ను 1950లలో అమెరికాలో నవజాత శిశువులకు ముందుజాగ్రత్తగా ఇచ్చేవారు. కొందరు పిల్లల పొట్ట ఉబ్బి, ఒళ్లు బూడిద రంగుకు తిరిగి, రక్తపోటు పడిపోయి చనిపోయారు. ఆ మరణాలకు కారణం ఈ మందేనని 1959లో లాస్ ఏంజెలెస్ వైద్యులు బయటపెట్టారు. దాన్ని విడగొట్టి బయటికి పంపే శక్తి ఆ పిల్లల కాలేయానికి ఇంకా రాలేదు, అందుకే అది ఒంట్లో పేరుకుపోయి చంపింది. ‘గ్రే బేబీ సిండ్రోమ్’ అన్న పేరు పిల్లల వైద్య పుస్తకాల్లోకి అలా వచ్చింది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్లకు జీవితాంతం పోని మరకలు పడవచ్చు. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే మెదడుకు, కాలేయానికి ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2011లో మన ప్రభుత్వమే నిషేధించింది. ఈ మందులేవీ సగం చేస్తే మంచివి కావు. ఎవరికి ఇవ్వకూడదో తెలియడమే ఇక్కడ వైద్యం.

సెలైన్ సీసా సంగతి ఇంకా ఘోరం. ‘‘నీరసంగా ఉంది, గ్లూకోజ్ ఎక్కించండి’’ అని ఇంటివాళ్లే అడుగుతారు, అడిగిందే తడవుగా ఎక్కించేవాళ్లూ ఉన్నారు. అయిదు కిలోల పిల్లకు రోజు మొత్తానికి కావలసిన నీరు, కిలోకు 100 మి.లీ. చొప్పున, 500 మి.లీ. సరిగ్గా ఒక సీసా. ఇరవై నాలుగు గంటల్లో వెళ్లాల్సిన ఆ నీరు రెండు గంటల్లో రక్తంలోకి వెళ్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఉప్పు తక్కువున్న గ్లూకోజ్ అయితే రక్తంలో సోడియం పడిపోయి, మెదడు వాచి, ఫిట్స్ రావచ్చు. పిల్లల వార్డులో సెలైన్‌కు గంటకిన్ని మిల్లీలీటర్లని లెక్క రాసి, చుక్కల వేగాన్ని సన్నటి గొట్టంతోనో యంత్రంతోనో కట్టడి చేసేది ఇందుకే.

ఇక జబ్బును గుర్తుపట్టడం. పెద్దవాళ్లు నొప్పి ఎక్కడో చెబుతారు, పసివాళ్లు చెప్పలేరు. పుట్టి పది రోజులైన బిడ్డకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరం రావాలని లేదు, ఒళ్లు చల్లబడవచ్చు కూడా. ‘‘పొద్దుటి నుంచి పాలు పట్టట్లేదు బాబూ, ఏడుపు కూడా లేదు’’ అని తల్లి చెప్పే ఆ ఒక్క మాటే కొన్నిసార్లు మొత్తం లక్షణం. ఆ మాట విని గ్రైప్ వాటర్ రాసి పంపేవాడికీ, వెంటనే పరీక్షకు రక్తం తీసి గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టేవాడికీ మధ్య ఉన్న దూరమే శిక్షణ. 2023 నమూనా నమోదు సర్వే ప్రకారం మన దేశంలో వెయ్యి మంది పిల్లలు పుడితే 25 మంది ఏడాది నిండకుండా చనిపోతున్నారు. అందులో 19 మంది మొదటి 28 రోజుల్లోనే పోతున్నారు. పిల్లలకొచ్చేవి చిన్న జబ్బులే అనేవాళ్లు ఈ 19 మందిని లెక్కలోకి తీసుకోవాలి.

చేతివాసి గురించి మాట్లాడేవాళ్లు అనుభవాన్ని శిక్షణకు పోటీగా నిలబెడతారు. ముప్ఫై ఏళ్లు చూశాడంటే నిజంగా చాలామందిని చూసే ఉంటాడు. కానీ ఆ చూసినవాళ్లలో ఎవరికి ఏమైందో ఆయనకు తెలిసే దారి లేదు. తగ్గిన పిల్లలు మళ్లీ వస్తారు. తగ్గనివాళ్లను ఆటోలో వేసుకుని జిల్లా ఆసుపత్రికో, హైదరాబాద్ నీలోఫర్‌కో, విశాఖ కేజీహెచ్‌కో తీసుకుపోతారు. అక్కడ ఏం తేలిందో, ముందు ఇచ్చిన ఇంజెక్షన్ తప్పో ఒప్పో చెప్పే కబురు ఊరికి తిరిగి రాదు. దాంతో ఆయన జ్ఞాపకంలో మిగిలేవన్నీ తగ్గిన కేసులే. దిద్దేవాళ్లు లేని తప్పు ముప్ఫై ఏళ్లు చేసినా తప్పుగానే ఉంటుంది, పైగా నమ్మకం బలపడుతుంది.

ఎం.డి. మూడేళ్లలో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. రాత్రి రెండింటికి నవజాత శిశువుల వార్డులో కేజీన్నర బిడ్డకు సూది గుచ్చి సెలైన్ పెట్టిన పీజీ విద్యార్థి తెల్లవారి ఎనిమిదింటికి ప్రొఫెసర్ ముందు నిలబడాలి. బిడ్డ బరువెంత, నిన్నటికంటే ఎన్ని గ్రాములు తగ్గింది, మూత్రం ఎంత, ఆక్సిజన్ ఎంత పెట్టావు, ఎందుకు పెట్టావు అన్న ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాలి. బిడ్డ చనిపోతే ఆ కేసు షీటు పక్కన పడదు, ఎక్కడ ఆలస్యమైందో అందరి ముందూ విడమరచి చూస్తారు. ఒక్క తప్పు నుంచి పదిమంది నేర్చుకునే ఏర్పాటు అది. ఇప్పుడు పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమం కూడా ఉంది. ఇవన్నీ పుస్తకం చదివితేనో, కాంపౌండరు పని చేస్తేనో వచ్చేవి కావు.

ఆర్‌ఎంపీలకే కొంత శిక్షణ ఇస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. అడగదగిన ప్రశ్నే, దానికి జవాబు కూడా మన దేశంలోనే ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో డిగ్రీలు లేని గ్రామీణ వైద్యులకు తొమ్మిది నెలలు తరగతులు పెట్టి, తర్వాత రోగులుగా నటించేవాళ్లను పంపి పరీక్షించారు. పిల్లవాడి విరేచనాలు కూడా అందులో ఒక కేసు. 2016లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం సరైన వైద్యం చేసే పాలు కొంత పెరిగింది. అది కొట్టిపారేయదగిన మేలు కాదు. కానీ అనవసరమైన మందులు, యాంటీబయాటిక్‌లు రాయడం ఏమాత్రం తగ్గలేదు. కొత్త సంగతులు నేర్చుకున్నారు గానీ పాత అలవాటు మానలేదు. మందు అమ్మితేనే పూట గడిచేవాడికి మందు రాయవద్దని తరగతిలో చెబితే సరిపోదు. ఆ నిగ్రహానికి పైన ఒక కౌన్సిల్, ఒక జవాబుదారీ ఉండాలి.

అవతలి పక్షం చేతిలో ఉన్న అసలైన బలం వేరే చోట ఉంది. మహారాష్ట్ర గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అంతంతమాత్రం చదువుకున్న గ్రామీణ మహిళలకు శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ చేయించారు. మూడో ఏటికి అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ ప్రకటించింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చి సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. చూశారా, డిగ్రీ లేనివాళ్లే ప్రాణాలు నిలబెట్టారు అంటారు.

నిలబెట్టారు, సందేహం లేదు. అయితే మహలనబిస్ స్వయంగా పిల్లల డాక్టరు. బ్రిటన్‌లో శిక్షణ పొంది, కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధన కేంద్రంలో కలరా మీద పనిచేసినవారు. ఉప్పెంత, గ్లూకోజెంత, సోడా ఎంత అన్న పాళ్లు ఆ పరిశోధనలోంచి వచ్చాయి గానీ ఊహలోంచి రాలేదు. గడ్చిరోలి మహిళలకు ఏం చూడాలో, ఏం చేయాలో, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలో గిరిగీసి చెప్పారు, పనిని పైనుంచి నిరంతరం పరిశీలించారు. ఇవాళ మన ఏఎన్‌ఎంలు దగ్గుతో వచ్చిన పిల్ల చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెడతారు: రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, అంతకంటే తగ్గకపోతే న్యుమోనియా అనుమానం. ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే ఇక వెంటనే పెద్దాసుపత్రికి. ఆ అంకెలు ఏళ్ల తరబడి పిల్లల వైద్యులు చేసిన పరిశోధన ఫలం. తన గిరి ఎక్కడిదాకానో తెలిసిన ఏఎన్‌ఎంనూ, గిరే లేకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ దాకా అన్నీ ఇచ్చేసేవాడినీ ఒకే గాట కట్టడం ఆవిడకు చేసే అన్యాయం. ఆశా కార్యకర్త పంపిన బిడ్డను అందుకోవడానికి అవతల చదువుకున్న డాక్టరు లేకపోతే ఆమె పరుగు వృథా అవుతుంది.

చదువు మరీ ఎక్కువైందన్న ఫిర్యాదూ నిలబడదు. ఇంటర్ తర్వాత మన దగ్గర ఎనిమిదిన్నరేళ్లు. అమెరికాలో నాలుగేళ్ల కాలేజీ, నాలుగేళ్ల మెడికల్ స్కూలు, మూడేళ్ల రెసిడెన్సీ కలిపి పదకొండేళ్లు, దానిపై 1933లో ఏర్పడిన పీడియాట్రిక్స్ బోర్డు పరీక్ష. బ్రిటన్‌లో ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ, రెండేళ్ల ప్రాథమిక శిక్షణ అయ్యాక పిల్లల వైద్యానికే మరో ఏడెనిమిదేళ్లు. గుంటూరులోనో కర్నూలులోనో ఎం.డి. చేసి అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు సాధారణంగా అక్కడ రెసిడెన్సీ మొదటినుంచీ చేయాల్సి వస్తుంది. మన పిల్లలు అక్కడ పుట్టినప్పుడు ఆ కట్టుదిట్టాన్ని మెచ్చుకునే కుటుంబాలే ఇక్కడ పల్లెటూరి పిల్లకు ఏ డాక్టరైనా ఒకటేనని అనడం బాధ కలిగిస్తుంది.

నిజానికి మన చదువులో లోపం ఎక్కువ కావడం కాదు, కొన్నిచోట్ల తక్కువ కావడం. ఎంబీబీఎస్ చివరి ఏట పిల్లల వైద్యానికి విడిగా పరీక్ష ఉంటుంది, కానీ ఏడాది హౌస్‌సర్జన్సీలో పిల్లల వార్డుకు దక్కేది కొన్ని వారాలే. అలా బయటికి వచ్చిన డాక్టరే రేపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పు బల్ల పక్కన, ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలో ఊపిరి అందించాలి. నవజాత శిశు విభాగాల్లో పనిచేసే ఎంబీబీఎస్ డాక్టర్లకు నాలుగు రోజుల తరగతులు, రెండు వారాల పరిశీలన శిక్షణ ఏర్పాటు చేశారంటే ఆ కొరత ప్రభుత్వానికి తెలుసుననే అర్థం.

డిగ్రీ ఉన్నవాళ్లు మాత్రం తప్పులు చేయడంలేదా అన్నది తర్వాతి ప్రశ్న. చేస్తున్నారు, దాచడానికి లేదు. 1996లో చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ ఆసుపత్రిలో నెలలు నిండకుండా 1,250 గ్రాముల బరువుతో పుట్టిన పాపకు కంటిపరీక్ష చేయించాలని ఎవరూ చెప్పలేదు. రెటీనా దెబ్బతిని ఆ పాప శాశ్వతంగా చూపు కోల్పోయింది. 2015లో సుప్రీంకోర్టు 1.8 కోట్ల రూపాయల పరిహారం విధించింది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో కోల్డ్రిఫ్ దగ్గు మందు తాగి మూత్రపిండాలు చెడి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సిరప్‌లో 48 శాతానికి పైగా డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని తమిళనాడు ప్రయోగశాల తేల్చింది. ఆ మందు రాసినవారిలో పిల్లల డాక్టరు కూడా ఉన్నారు. విషం కలిసింది ఫ్యాక్టరీలో, దాన్ని పట్టుకోవాల్సింది ఔషధ నియంత్రణ శాఖ. కానీ ఆ రకం మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడవద్దని 2023 డిసెంబరులోనే కేంద్రం హెచ్చరించింది.

ఈ రెండు విషాదాలూ శిక్షణ వృథా అని చెప్పవు. నేర్చుకున్నది పాతబడకుండా చూసే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో చెబుతాయి. అయిదేళ్లకోసారి కనీసం 30 గంటల కొత్త చదువు ఉండాలని 2002 వైద్య నియమావళి ఎప్పుడో చెప్పింది. అది సర్టిఫికెట్లు పోగేసే లాంఛనంగా మిగలకుండా నిజమైన పరీక్షగా మారాలి. నెలలు నిండని పిల్లల కళ్లను ముప్ఫై రోజుల్లోపు చూడాలన్న నియమాన్ని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఎంతో కాలంగా చెప్పిందే చెబుతున్నారు. ఆ మాట ప్రతి నవజాత శిశు విభాగానికీ చేరేది శిక్షణ ద్వారానే.

హైదరాబాద్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. విరేచనాలతో వచ్చిన పిల్లలకు ఓఆర్‌ఎస్ అనుకుని తల్లిదండ్రులు పంచదార నిండిన తీపి పానీయాలు తాగిస్తున్నారని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గమనించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరు నీటికి సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్. పంచదార పాలు దాటితే విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. ఆవిడ ఏళ్ల తరబడి కంపెనీలతో, అధికారులతో పోరాడి హైకోర్టుకూ వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఆ సూత్రం పాటించని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న అంకె చూసి, అది పసిపిల్ల పేగులో ఏం చేస్తుందో చెప్పగలగడం ఏ చేతివాసికీ అందే పని కాదు. ఆ పానీయాల వల్ల నష్టపోయినవాళ్లలో డిగ్రీల గోడల గురించి మాట్లాడేవాళ్ల పిల్లలు కూడా ఉండి ఉంటారు.

కొరత మాటకొస్తే, అది నిజం. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన పిల్లల వైద్యుల్లో దాదాపు అయిదింట నాలుగు వంతుల మంది లేరు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ సీటు సామాన్యుడికి అందే ధరలో లేదు. కోపం రావాల్సిందే, కానీ ఆ కోపం సీటును అంగట్లో పెట్టినవారి మీద, ఖాళీలు నింపనివారి మీద చూపాలి. జాతీయ పరీక్షల మండలి 2020లో జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో రెండేళ్ల పిల్లల వైద్య డిప్లొమాను మళ్లీ తెరిచింది. అలాంటి సీట్లు ఆదిలాబాద్‌లో, పాడేరులో, మార్కాపురంలో కావాలని ఎమ్మెల్యేలను నిలదీయవచ్చు. పిల్లల డాక్టరు లేని ఊరికి అర్హత లేనివాడు చాలని సర్దిచెప్పేవాళ్లు ఆ ఖాళీని శాశ్వతం చేస్తున్నారు.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఎంబీబీఎస్ చదివినవారు పిల్లలను చూడవచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోవడాన్ని 2002 నియమావళి తప్పుగా పరిగణిస్తుంది. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, రాసిచ్చే ప్రతి చీటీ మీదా వేయాలని కూడా అదే నియమావళి చెబుతోంది. ఎం.డి.నో, పిల్లల వైద్య డిప్లొమా అయిన డీసీహెచ్‌నో పూర్తిచేసినవారు దాన్ని రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకుంటారు. ‘పిల్లల స్పెషలిస్టు’ అని బోర్డు కనిపించిన చోట చీటీ మీద నంబరు ఉందా, కౌన్సిల్ జాబితాలో ఆ నంబరు ఎదుట పిల్లల వైద్య అర్హత నమోదై ఉందా అని అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.